ఒంటికి అంటించే కదలికల పట్టీ: తరచూ అడిగే ప్రశ్నలు

చర్మం మీద అతికించుకుంటే మన కదలికలను గాలిలోనే ఫోనుకు పంపే సాగే సెన్సార్ పట్టీలు పరిశోధనశాలలు దాటి ఆస్పత్రులకు, ఆటస్థలాలకు, పనిచోట్లకు వస్తున్నాయి. వాటితో మేలు చాలా ఉంది. ఫిజియోథెరపీకి రోజూ ఆటోలో వెళ్లలేని మనిషికి ఇంట్లోనే మోకాలు ఎంత వంగుతోందో కొలిచి చెప్పడం చిన్న సాయం కాదు. అయితే పట్టీ అంటించుకోవడానికి సరేననడం ఒకటి, అది పంపే వివరాలను ఎవరు దేనికి వాడుకోవాలో చెప్పడం ఇంకొకటి. చాలాచోట్ల రెండింటికీ కలిపి ఒకటే సంతకం తీసుకుంటారు. ఇక్కడి ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ సంతకం చుట్టూ తిరిగేవే.

ఇది స్మార్ట్ వాచీ లాంటిదేనా?

కాదు. వాచీ మణికట్టు మీద వదులుగా ఉంటుంది. ఇది చర్మంతో పాటు సాగుతుంది. కీళ్ల దగ్గర, వంగినప్పుడు మన చర్మం సుమారు మూడో వంతు వరకు సాగుతుంది. గట్టి సర్క్యూట్ అక్కడ నిలవదు. అందుకే పలచటి రబ్బరు పొర మీద లోహపు తీగను తిన్నగా కాకుండా మెలికలు మెలికలుగా వేస్తారు. చర్మం సాగితే మెలిక విప్పుకుంటుంది, తీగ తెగదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం 2011లో 'సైన్స్' పత్రికలో ఇలాంటి పలచటి పట్టీని లోకానికి చూపించింది. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో జెనాన్ బావ్ బృందం ఇంకో అడుగు వేసింది. వాళ్ల స్టిక్కర్‌లో బ్యాటరీ లేదు, గట్టి చిప్పు లేదు. బట్టలకు తగిలించిన చిన్న రిసీవరే దానికి కావలసిన శక్తిని రేడియో తరంగాలతో అందించి, చర్మం ఎంత సాగిందో చదువుకుంటుంది.

హక్కుల మాటకొచ్చేసరికి ఈ నిర్మాణం వల్ల తేలే విషయం ఒకటుంది. చర్మాన్నే అంటిపెట్టుకుని ఉండే పరికరం మనం అడిగిన దానికన్నా ఎక్కువే పట్టుకోగలదు. స్టాన్‌ఫర్డ్ స్టిక్కర్లు మోచేయి, మోకాలి వంపుతో పాటు ఊపిరిని, నాడిని కూడా చదివాయి. చికాగోలో పక్షవాతం నుంచి కోలుకుంటున్న వాళ్ల గొంతు మీద అతికించిన పట్టీ మింగడాన్ని, మాట తీరును కొలిచింది. కాబట్టి "మోకాలి కోసమే" అని ఎవరైనా అంటే, ఇంకేం నమోదవుతున్నాయో అడగండి.

దీనికి ప్రభుత్వ అనుమతి ఉండాలా?

జబ్బును గుర్తించడానికి, చికిత్సకు, కోలుకోవడాన్ని గమనించడానికి అని చెప్పి అమ్మితే ఉండాలి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్టం కిందికి వచ్చాయి. 2017 వైద్య పరికరాల నియమాలు వాటిని ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులుగా విడదీస్తాయి. ఎ, బి తరగతుల తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులు, సి, డి తరగతులకు, దిగుమతులకు కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు ఇస్తాయి. ఎ తరగతిలో కొన్నిటికి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది కానీ, అది కొలిచే పని చేయని వాటికే. మన పట్టీ చేసేదే కొలత.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు చూడండి. ఒక్కసారే వాడాల్సినదైతే ఆ మాట కూడా ఉండాలి. "కేవలం ఫిట్‌నెస్ కోసం" అని అచ్చు వేసి, దుకాణంలో మాత్రం "నడుం నొప్పి ఎందుకొచ్చిందో చెప్పేస్తుంది" అని అమ్ముతుంటే జాగ్రత్తపడాలి. పరికరం వైద్యానికా కాదా అన్నది తయారీదారు దేనికని చెబుతున్నాడన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ మాట ఉన్న ప్రకటనను, బిల్లును దాచుకోండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే అవే ఆధారం.

ఆస్పత్రిలో పెట్టుకోమంటే వద్దనొచ్చా?

అనొచ్చు. వద్దన్నందుకు మామూలు చికిత్స ఆపకూడదు. మధ్యలో తీసేయమన్నా తీసేయాలి.

సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది. అమ్మకు తెలుగు తప్ప రాదు. సంతకం పెట్టించొచ్చా?

పెట్టించకండి, ముందు తెలుగులో అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా తీసుకునేవాళ్లు ఇచ్చే నోటీసును, సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరిన భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఏ వివరాలు తీసుకుంటారో, దేనికో, సమ్మతిని ఎలా వెనక్కి తీసుకోవాలో, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ నోటీసులో ఉండాలి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడమూ అంతే తేలికగా ఉండాలి. యాప్‌లో ఒక్క బొటనవేలి నొక్కుతో ఒప్పుకున్న మనిషిని, వద్దనుకుంటే రిజిస్టర్డ్ పోస్టు పంపమనడం కుదరదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చట్టం 2023 ఆగస్టులో వచ్చినా, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. అప్పటిదాకా ఐటీ చట్టంలోని 43ఎ సెక్షను, దాని కింద 2011లో చేసిన నియమాలు వర్తిస్తాయి. శారీరక ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు సున్నితమైన సమాచారమని, రాతపూర్వక సమ్మతి లేనిదే కంపెనీలు తీసుకోకూడదని ఆ నియమాలు చెబుతాయి.

పత్రం చేతికి వచ్చాక ముందుగా వెతకాల్సింది "సేవలను మెరుగుపరచుకోవడానికి మా భాగస్వాములతో పంచుకోవచ్చు" లాంటి వాక్యాన్ని. సాధారణంగా మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో, సన్న అక్షరాల్లో ఉంటుంది. భాగస్వాములెవరు? బీమా కంపెనీ ఉందా? మెరుగుపరచడమంటే ఏమిటి? జవాబు రాకపోతే ఆ వాక్యాన్ని కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టి, మిగతాదానికే ఒప్పుకుంటున్నట్టు రాయండి. చికిత్సకు అక్కర్లేని వివరాలకు కూడా సమ్మతి లాక్కునే షరతును కొత్త చట్టం చెల్లనివ్వదు.

నా కదలికల లెక్క నా సొంతమేనా? చూపించమనే హక్కు, తుడిచేయమనే హక్కు ఉన్నాయా?

సొంతం అన్న మాట మన చట్టంలో లేదు. ఉన్నవి హక్కులు: ఏమేం పోగుచేశారో, ఎవరెవరికి ఇచ్చారో చెప్పమనడం, తప్పుంటే దిద్దమనడం, పని అయ్యాక తుడిచేయమనడం, ఫిర్యాదుకు జవాబు పొందడం. ఇంకో చట్టం ప్రకారం దాచి తీరాల్సిన రికార్డును మాత్రం తుడిచేయరు.

లేని హక్కు కూడా ఒకటుంది. ఐరోపాలో మనిషి తన డేటాను కంప్యూటరు చదవగలిగే ఫైలుగా తీసుకుని వేరే కంపెనీకి మార్చుకోవచ్చు. మన 2019 డేటా రక్షణ బిల్లులో ఆ హక్కు ఉండేది, 2023 చట్టంలో తీసేశారు. ఇది మంచి పని కాదు. ఆరు నెలలు ఒక క్లినిక్‌లో కొలిపించుకుని ఊరు మారిన రోగి మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. అందుకని చికిత్స మొదలుపెట్టేటప్పుడే, ముగింపులో మొత్తం డేటా ఫైలు ఇస్తామని రాయించుకోండి. అది డాక్టరు దగ్గరున్న మీ వైద్య రికార్డులో భాగమైతే ఇంకో దారి ఉంది. 2002 నాటి వైద్య వృత్తి నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డు ప్రతులు ఇవ్వాలి.

పేరు తీసేసి దాచుకుంటున్నామంటున్నారు. ఇక భయం లేదుగా?

ఉంది. వీధి చివర మనిషి మొహం కనబడకముందే "అదిగో బాబాయి వస్తున్నాడు" అంటాం కదా, నడక చూసి. యంత్రం కూడా అదే పని చేయగలదు. అడుగు పడే తీరు, మడమ ఆనే బలం, తుంటి ఊపు, రెండు అడుగుల మధ్య వ్యవధి, ఇవన్నీ కలిస్తే మనిషిని గుర్తుపట్టడానికి పనికొస్తాయి. నడకను బట్టి మనుషులను పోల్చే పరిశోధన దశాబ్దాలుగా సాగుతోంది. పేరు, ఫోను నంబరు చెరిపేసిన ఫైలులో నడక మిగిలే ఉంటుంది. ఆ నడకే ఇంకో ఫైలులో పేరుతో సహా ఉంటే రెండూ కలిసిపోతాయి.

మన చట్టంలో వ్యక్తిగత డేటా అంటే, దాన్ని బట్టి మనిషిని గుర్తించగలిగిన ఏ సమాచారమైనా. పేరు ఉండాలన్న నిబంధన లేదు. కాబట్టి "పేరు లేదు కనుక చట్టం వర్తించదు" అన్న మాటను ఒప్పుకోకండి. సెకనుకు వందసార్లు తీసిన ముడి లెక్కలు దాస్తున్నారా, లేక "ఈరోజు మోకాలు 95 డిగ్రీలు వంగింది" లాంటి సారాంశమేనా అని అడగండి. సారాంశంతో చికిత్స సాగిపోయేటప్పుడు ముడి లెక్కలు దాచాల్సిన పని లేదు.

ఫ్యాక్టరీలో నడుముకు పట్టీ పెట్టుకోవాల్సిందే అంటున్నారు. కాదంటే ఉద్యోగం పోతుందా?

మన చట్టంలో అన్నిటికన్నా బలహీనంగా ఉన్న చోటు ఇదే.

బరువులెత్తే కార్మికుడు నడుము ఎలా వంచుతున్నాడో కొలిచి, తప్పుగా వంచితే హెచ్చరించే పట్టీ నిజంగా నడుములను కాపాడగలదు. కానీ ఆ పట్టీయే ఎవరు ఎంతసేపు కూర్చున్నారో, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారో, మధ్యాహ్నం తర్వాత ఎవరి చేయి నెమ్మదించిందో కూడా చెబుతుంది. 2023 చట్టంలోని 7వ సెక్షను ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం సమ్మతి లేకుండానే డేటా వాడుకోవడానికి వీలిస్తోంది. ఆ మాటలు చాలా వెడల్పుగా ఉన్నాయి. వాటి హద్దు ఏమిటో ఒంటి మీద పెట్టే పరికరాల విషయంలో చట్టమే తేల్చి చెప్పి ఉండాల్సింది.

అలాగని చేతులు కట్టుకుని ఊరుకోనక్కర్లేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. తన దేహం మీద మనిషికి ఉండే అధికారాన్ని అందులో భాగంగానే చూసింది. ప్రభుత్వ సంస్థలో పనిచేసేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. ప్రైవేటులో ఉన్నవాళ్లు లిఖితపూర్వకంగా ప్రశ్నలు వేయాలి. ఈ పట్టీ భద్రత కోసమా, పనివేగం కోసమా? లెక్క చూసేది భద్రతా అధికారా, జీతం కోసే సూపర్‌వైజరా? షిఫ్టు అయ్యాక తీసి ఇచ్చేయాలా, ఇంటికి తీసుకెళ్లాలా? దీన్ని చూపి మెమో ఇవ్వడం, పనిలోంచి తీసేయడం చేయబోమని రాసిస్తారా?

ఒక్కరు అడిగితే తగువులమారి అంటారు, యూనియన్ తరఫున అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. వర్క్స్ కమిటీ, భద్రతా కమిటీ ఉన్నచోట ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టించి, మినిట్స్‌లో రాయించండి. గర్భిణులు, నడుము ఆపరేషన్ అయినవాళ్లు, చర్మవ్యాధులు ఉన్నవాళ్లు డాక్టరు చీటీతో మినహాయింపు కోరాలి.

మా అమ్మాయి అకాడమీలో ఆడుతోంది. పదిహేనేళ్లు. అక్కడ అందరికీ పట్టీలు పెడుతున్నారు.

మన చట్టంలో 18 నిండనివాళ్లందరూ పిల్లలే. తల్లిదండ్రుల సమ్మతిని నిజంగా వాళ్లదేనని నిర్ధారించుకుని తీసుకోవాలి. పిల్లల క్షేమానికి హాని చేసేలా డేటా వాడకూడదు. వాళ్లను వెంబడించి గమనించడం కూడదు. ఈ బాధ్యతలు మీరితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. వైద్యులకు, విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఇచ్చారు. విద్యాసంస్థల విషయంలో అది చదువుకు, పిల్లల భద్రతకు కావలసినంత మేరకే. ప్రైవేటు అకాడమీ తాను విద్యాసంస్థనని చెప్పుకుంటే, ఏ గుర్తింపుతోనో చూపించమనండి.

అసలు భయం వేరే ఉంది. పదిహేనేళ్ల పిల్ల మోకాలి మీద ఏ ఒత్తిడి పడుతోందో ఆ ఫైలు చెబుతుంది. ఇరవై ఏళ్లప్పుడు ఆ అమ్మాయిని తీసుకోబోయే జట్టు చేతికి అదే ఫైలు చేరితే? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్ల సంఘం 2017 ఒప్పందంలో దీనికి అడ్డుకట్ట వేయించింది. ఒంటికి పెట్టుకునే పరికరం ఆటగాడి ఇష్టం. ఏం కొలుస్తుందో జట్టు ముందే రాసివ్వాలి. ఎప్పుడైనా మానేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, కాంట్రాక్టు బేరంలో ఆ డేటాను ఎత్తకూడదు. ఎత్తిన జట్టుకు రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. కబడ్డీ, బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్ నేర్పే మన అకాడమీలన్నీ ప్రవేశ పత్రంలో ఈ ఒక్క షరతు చేర్చాలి. చేర్చకపోతే తల్లిదండ్రులే రాసి ఇవ్వండి: "ఈ వివరాలను శిక్షణకు, గాయాల నివారణకు తప్ప ఎంపికకు, ఒప్పందాలకు వాడరాదు. అమ్మాయి అకాడమీ వదిలిన రోజున ఫైలు మాకిచ్చి, మీ దగ్గరిది తుడిచేయాలి." చెప్పాల్సిందంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది.

మ్యాచ్‌లో పెట్టుకోవచ్చా అన్నది ఆటను బట్టి ఉంటుంది. ఫుట్‌బాల్ నియమాలు తగిన ప్రమాణాలున్న ట్రాకింగ్ పరికరాలను అనుమతిస్తాయి. క్రికెట్‌లో బయటికి సందేశం పంపగల పరికరాల మీద ఐసీసీ అవినీతి నిరోధక విభాగం కఠినంగా ఉంటుంది. 2018లో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ ఆటగాళ్లు కొందరు స్మార్ట్ వాచీలతో కనిపిస్తే వద్దని చెప్పింది. గాలిలో డేటా పంపే పట్టీని కూడా ముందే మ్యాచ్ అధికారులకు చూపాలి.

పరిశోధనకు వలంటీరుగా వెళ్తున్నాను. ఏం అడగాలి?

ఎథిక్స్ కమిటీ ఆమోదం చూపమనండి. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో సమాచార పత్రం, సంతకమైన పత్రం ప్రతి, కారణం చెప్పకుండా తప్పుకునే స్వేచ్ఛ, హాని జరిగితే చికిత్స, పరిహారం మీ హక్కులు. ఏడేళ్లు దాటిన పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. డేటా చట్టం పరిశోధనకు పెద్ద మినహాయింపే ఇచ్చింది. అందుకే ఇక్కడ ఎథిక్స్ కమిటీ మీద ఎక్కువ ఆధారపడాల్సి వస్తుంది. దాని ఫోను నంబరు సమాచార పత్రంలో ఉండాలి.

పట్టీ పెట్టిన చోట దద్దురు లేచింది.

వెంటనే తీసేయండి. పొడిగా లాగకుండా, గోరువెచ్చని నీళ్లతో తడిపి అంచు నుంచి మెల్లగా ఒలవండి. ఒలిచాక చర్మాన్ని గమనించండి. పట్టీ ఆకారంలోనే గీత గీసినట్టు ఎరుపు, దురద, చిన్న నీటిపొక్కులు ఉండి, తీసేసిన రెండో రోజుకు ఇంకా పెరిగితే అది జిగురు పడకపోవడం కావచ్చు. గాలాడక చెమట నిలిచినచోట చిన్న చిన్న పొక్కులు చెమటకాయల్లా చెదురుగా వస్తే అది వేరు. మే నెలలో మన దగ్గర ఇది మామూలే. గాలాడని పొరను రోజుల తరబడి ఉంచొద్దు. షుగరు కొలిచే పట్టీల జిగురులో ఐసోబోర్నైల్ అక్రిలేట్ అనే రసాయనం వల్ల అలర్జీ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదైంది. ఈ పట్టీలో ఏ జిగురు వాడారో, చర్మ పరీక్షలు చేయించారో లేదో తయారీదారును అడిగే హక్కు మీకుంది.

ఫొటో తీసి, పట్టీని, కవరును పారేయకుండా ఉంచి, డాక్టరుకు చూపించండి. వైద్య పరికరాల వల్ల వచ్చే ఇబ్బందులను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది. దాని జాతీయ కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. రోగులు కూడా ఫిర్యాదు పంపొచ్చు. పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మినవాడు బాధ్యులవుతారు. మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయండి.

డేటా బయటికి పొక్కితే నాకు డబ్బు వస్తుందా?

కొత్త డేటా చట్టంలో రాదు. కంపెనీ మీకు ఆలస్యం లేకుండా చెప్పాలి, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా పడొచ్చు. ఆ సొమ్ము మాత్రం ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించే 43ఎ సెక్షనును కొత్త చట్టం పూర్తిగా అమలైనప్పుడు తీసేస్తారు. నడక వివరాలు బయటపడి బీమా దొరకని మనిషికి ఖజానా నిండితే ఒరిగేదేమిటి? ఈ లోటును పార్లమెంటు పూడ్చాలి. అప్పటిదాకా సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్ దారి తెరిచే ఉంది. బోర్డుకు వెళ్లే ముందు కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాసి, ఆ ప్రతి దాచుకోండి. ఆ మెట్టు దాటకుండా బోర్డు వినదు.

ప్రమాదంలో కాలు దెబ్బతింది. ఈ లెక్కలు వికలాంగుల సర్టిఫికెట్‌కు పనికొస్తాయా?

డాక్టరుకు చూపించొచ్చు. శాతం తేల్చేది మాత్రం నియమిత వైద్యాధికారుల పరీక్షే. కోర్టులో పెట్టాలంటే 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. కంపెనీ మూతపడకముందే ఫైలు తీసుకుని ఉంచుకోండి.

మేం సియాటిల్ దగ్గర ఉంటాం. అక్కడి చట్టం?

వాషింగ్టన్ రాష్ట్రంలో 2023లో చేసిన 'మై హెల్త్ మై డేటా' చట్టం మీకు గట్టి అండ. మనిషిని గుర్తించగలిగే నడక తీరును కూడా అది పేరు పెట్టి చెప్పింది. సేకరించడానికి, పంచుకోవడానికి వేరువేరు సమ్మతులు అడగాలంటుంది. బాధితులే నేరుగా దావా వేయొచ్చు. కానీ ఉద్యోగ సందర్భంలో ఉన్నవాళ్లను అది కూడా పక్కన పెట్టింది. ఆస్పత్రుల గోప్యత చట్టం హిపా, మీరే కొని సొంతంగా వాడుకునే యాప్‌కు సాధారణంగా వర్తించదు.

ఎంఆర్‌ఐకి వెళ్లేటప్పుడు తీయాలా?

తీయాలి. లోహపు తీగ వేడెక్కి చర్మం కాలొచ్చు. రిజిస్టరులో పేరు రాసేటప్పుడే సాంకేతిక సిబ్బందికి చెప్పండి. తీసిన పట్టీని ఇక వాడకపోతే, అందులో బ్యాటరీ ఉంటే చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణకు ఇవ్వాలి.

నాన్నగారు పోయారు. ఆయన వివరాలు యాప్‌లోనే ఉన్నాయి.

2023 డేటా రక్షణ చట్టంలోని 14వ సెక్షను ప్రకారం, తాను లేనప్పుడు గానీ, తెలివి తప్పి నిర్ణయం తీసుకోలేని స్థితిలో గానీ తన హక్కులను వాడుకోవడానికి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చు. ఆ నామినీ డేటా చూపమనొచ్చు, తుడిచేయమనొచ్చు. ఈ సెక్షను కూడా 2027 మే నుంచే అమల్లోకి వస్తుంది. నామినీ పేరు ఇవ్వకుండా పోయి ఉంటే, మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం జతచేసి కంపెనీ ఫిర్యాదు అధికారికి రాయండి. ఇంట్లో పక్షవాతంతో ఉన్న పెద్దవాళ్లకు పట్టీ వాడుతుంటే, మాట స్పష్టంగా ఉన్నప్పుడే నామినీగా ఎవరి పేరు కావాలో వాళ్లనే అడిగి రాయించి ఉంచండి.